నడిరోడ్డు అత్త

రైలు వంతెన కింద రోడ్డు సన్నబడే చోటును మా లాండ్రీలో అందరూ గొంతు అంటారు. పెట్రోలు బంకు దాకా రోడ్డు విశాలంగానే ఉంటుంది. బస్సు పక్కన లారీ, లారీ పక్కన స్కూటర్లు, వాటి సందుల్లో సైకిళ్లు, ఎవరి దారిన వాళ్లు పోవచ్చు. బంకు దాటగానే రెండు పక్కల నుంచీ రాతి గోడలు దగ్గరికి వచ్చేస్తాయి. వంతెన కింద పోయేవాళ్లకు ఒక బండి పట్టేంత, వచ్చేవాళ్లకు ఒక బండి పట్టేంత చోటు మిగులుతుంది. మధ్యలో సిమెంటు దిమ్మెల అడ్డు. అవతల టైర్ల కొట్టు వచ్చేదాకా పక్కకు తప్పుకోవడానికి చోటు ఉండదు.

ఆ గోడల మీద మనిషి నడుం ఎత్తున పొడుగాటి గీతలుంటాయి. బస్సులు రాసుకుపోయినవి కొన్ని, లారీలవి కొన్ని. రకరకాల రంగులు. వాటిలో ఒకటి మా మామయ్య సైకిలు హ్యాండిలు గీసినది. ఏదో నాకు తెలియదు. అడగలేదు. అత్తకు తెలుసేమో.

మా మేనత్త ఆ గొంతులోంచి రోజూ సైకిలు మీద వెళ్లేది. మాది ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ. పెద్దాసుపత్రికి వ్యాను వెళ్తుంది. వంతెన అవతల సందుల్లో ఉన్న చిన్న ఆసుపత్రులకు మాత్రం సైకిళ్ల మీదే చేరవేస్తారు. ఉతికి, వేడి రోలరు కిందికి పంపి, మడతలు వేసిన తెల్ల మూటలు ఇటు నుంచి అటు. మాసిన మూటలు అటు నుంచి ఇటు. క్యారియరుకు రెండు పక్కలా గుడ్డ సంచులు వేలాడతాయి, పైన ఇంకో మూట కడతారు. వెనక నుంచి చూస్తే ఒక తలకాయ, దాని కింద కదిలే మూట, అంతే. కొత్తవాళ్లు మొదటిసారి ఎక్కినప్పుడు సైకిలే వాళ్లను తోలుకుపోతున్నట్టు ఉంటుంది.

మూటలవాళ్లు గొంతులోంచి ఒంటరిగా వెళ్లరు. ఇద్దరిద్దరుగా వెళ్తారు. ఇది ఎవరు పెట్టిన పద్ధతో గానీ లాండ్రీ పుట్టినప్పటి నుంచీ ఉందట. ఇద్దరూ రోడ్డు మధ్యనే తొక్కాలి. ముందున్న మనిషి లోపల తల తిప్పకూడదు. అంత బరువుతో తల తిప్పితే హ్యాండిలు కూడా తిరుగుతుంది. వెనక మనిషే వెనకాల సంగతి చూసుకుని బెల్లుతో చెప్పాలి. ఒక బెల్లు కొడితే, వెనక ఎవడో తోసుకొస్తున్నాడు, నెమ్మదించు, మనిద్దరం దగ్గరగా పోదాం అని. రెండు బెల్లులు కొడితే, అంతా బాగుంది, ధీమాగా పో అని. ఆపకుండా కొడుతూనే ఉంటే, ఆగు, దిగు, సైకిలు అడ్డం పెట్టు అని.

అత్తా మామయ్యా పెళ్లయినప్పటి నుంచీ జంటగానే మూటలు తొక్కారు. అత్త ముందు, మామయ్య వెనక. ఇంట్లో ఎవరు ముందో రోడ్డు మీద చూస్తే తెలిసిపోతుందని లాండ్రీలో ఎగతాళి చేసేవాళ్లు. మామయ్య నవ్వేవాడు. ఆయనకు కోపం రావడం ఎవరూ చూడలేదు. మందుల షాపు వరసలో నిలబడితే వెనకున్న ముసలివాళ్లనూ, పిల్లల తల్లులనూ ఒక్కొక్కరినే ముందుకు పంపి, చివరికి షాపు మూసే వేళకు మందు తెచ్చేవాడు. ఎదుటివాళ్లకు అడ్డుగా ఉన్నానంటే ఆయన వంటికి పడేది కాదు. రోడ్డు మీద కూడా అంతే. వెనక ఎవరైనా హారను కొడితే ఆయన కాళ్లు వాటంతట అవే సైకిలును అంచుకు తీసుకుపోయేవి.

అత్త పోట్లాడేది. అంచున పోతే వెనకవాడికి పక్కన ఖాళీ కనిపిస్తుంది, ఖాళీ కనిపిస్తే దూరతాడు, సగం దూరాక గానీ అది చాలదని వాడికి తెలియదు, అప్పటికి మీరు గోడకూ వాడికీ మధ్య ఉంటారు అని చెప్పేది. మామయ్య, వాళ్లకేదో తొందర ఉంటుందిలే అనేవాడు. ఒకసారి అత్త విసుగొచ్చి, ఇలా జరుగుతూ జరుగుతూ ఏదో ఒకరోజు గోడలోకే జరుగుతారు మీరు అంది. ఇద్దరూ నవ్వుకున్నారట. ఈ సంగతి అత్తే నాకు ఒకే ఒక్కసారి చెప్పింది.

ఆయన పోయిన రోజు కూడా మామూలు రోజే. బంకు దగ్గర ఇద్దరూ మధ్యలోకి వచ్చారు. గొంతులోకి దిగారు. అత్తకు వెనక నుంచి రెండు బెల్లులు వినపడ్డాయి. ధీమాగా తొక్కుకుంటూ పోయింది. టైర్ల కొట్టు దగ్గర దిగి చూస్తే మామయ్య రాలేదు. మూట జారిందేమో, కట్టుకుంటున్నాడేమో అనుకుంది. పక్క సందులోనే ఆసుపత్రి కాబట్టి వెళ్లి దుప్పట్లు అప్పజెప్పింది. మాసినవి కట్టుకుని బయటికి వస్తుంటే ఎవరిదో కారులో ఆయన్ను తెచ్చారు. కాసేపటికి ఆయన మీద కప్పిన దుప్పటి అప్పుడే ఆమె ఇచ్చిన మూటలోది. అందులో వింతేమీ లేదు. ఆ ఆసుపత్రిలో దుప్పట్లన్నీ మావే.

గుద్దిన వ్యాను డ్రైవరు పారిపోలేదు. ఆయనే పక్కకు జరిగి దారి ఇచ్చాడు, ఇచ్చాడు కదా అని వెళ్లాను అన్నాడు. చూసినవాళ్లందరూ నిజమే అన్నారు.

నన్ను నాన్న అత్తకు తోడుగా పంపింది ఆ తర్వాతే. నా బడి అప్పటికే ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మొదట మడతల గదిలో పెట్టారు. అక్కడ ఆడవాళ్లు దుప్పటి ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకుని దులుపుతూ ఊళ్లో కాపురాలన్నీ దులిపేస్తారు. నేను దుప్పటి ఒక్కటే దులిపేదాన్ని. నోట్లో నాలుక లేని పిల్ల అనేవారు. అత్తతో జంటగా వెళ్లడానికి మూటలవాళ్లెవరూ ముందుకు రాలేదు. జాలితో కాబోలు, భయంతో కాబోలు. అప్పుడు అత్త మడతల గదికి వచ్చి నా చేతిలో దుప్పటి తీసి పక్కామె చేతిలో పెట్టింది. సైకిలు తొక్కడం వచ్చా అని అడిగింది. వచ్చన్నట్టు తలూపాను.

నేర్పడానికి నన్ను నేరుగా గొంతులోకి తీసుకుపోలేదు. ముందు కొన్నాళ్లు బంకు దగ్గర నిలబెట్టింది. పెట్రోలు పోసే అబ్బాయిలు నవ్వుతుంటే ఇద్దరం సైకిళ్లు పట్టుకుని వచ్చేపోయే బండ్లను చూసేవాళ్లం. ఎవడు నెమ్మదిస్తాడు, ఎవడు నెమ్మదించినట్టు నటించి దూరతాడు, ఎవడు ఫోను చూసుకుంటున్నాడు, అవన్నీ పోల్చుకోవాలి. గోడ వారన చెత్తా, గులకరాళ్లూ, నీళ్లు పోయే ఇనప జాలీ ఉంటాయని, చక్రం అటు పోతే మనిషి బండ్ల కిందికే పడతాడని చూపించింది. గొంతులో ఆగిపోయిన బస్సు పక్క సందులోంచి పోవాలని చూస్తే కాళ్లు విరగ్గొడతానంది. బస్సు కదిలాక అయితే అది విరగ్గొడుతుంది కదా, అందుకని ముందే నేను విరగ్గొడతాను అంది. నవ్వాలో వద్దో తెలియలేదు నాకు.

అసలు మాట మాత్రం నా సైకిలు హ్యాండిలు పట్టుకుని చెప్పింది.

"గోడ దగ్గరపడ్డాక మధ్యలోకి రాకూడదు. ఇక్కడే రావాలి. ముందు తల తిప్పి వెనకవాడి కళ్లలోకి చూడు. వాడు నిన్ను చూశాడని నీకు తెలియాలి. అప్పుడు చెయ్యి చాపు. ఆ తర్వాత జరుగు."

వాడు చూడకపోతే అని అడిగాను.

"బంకులోకి దిగిపో. వాణ్ని పోనీ. దిగితే పరువేం పోదు."

అలా నేను అత్త వెనక మనిషినయ్యాను. గొంతులోకి దిగాక ఆమె ఎవరి కోసమూ అంగుళం జరిగేది కాదు. వెనక హారన్లు ఒకదాని మీద ఒకటి పడి వంతెన కింద మోగుతుంటే నాకు వీపు మీద కొడుతున్నట్టే ఉండేది. అత్త మాత్రం తన పెరట్లో తొక్కుతున్నట్టు తొక్కేది. టైర్ల కొట్టు దగ్గర అంచుకు జరిగి దారి ఇవ్వగానే డ్రైవర్లు కిటికీలోంచి తలలు పెట్టి అనాల్సినవన్నీ అనేవాళ్లు. ఏమమ్మా, ఈ రోడ్డు నీకు పుట్టింటివాళ్లు రాసిచ్చారా అనేవాడు ఒకడు. చెవుడా నీకు అనేవాడు ఇంకొకడు. అత్త వాళ్ల వైపు కూడా చూసేది కాదు.

లాండ్రీలో ఆమె పేరు నడిరోడ్డు అత్త అయిపోయింది. మూటలవాళ్లలో నిచ్చెన అని ఒకాయన ఉండేవాడు. బాగా పొడుగు, సన్నం, అందుకే ఆ పేరు. ఆయనకు మా అత్త అంటే దేవతే. అత్తకున్నది గుండె కాదు, ఇనప దిమ్మె అని అందరికీ చెప్పేవాడు. మామయ్య గడ్డం గీసుకునే చిన్న అద్దాన్ని అత్త తన సైకిలు హ్యాండిలుకు తీగతో కట్టించుకుంది. మొగుడి గుర్తుగా పెట్టుకుందని మడతల గదిలో కళ్లొత్తుకున్నారు.

నేను ఎక్కువ మాట్లాడను కాబట్టి ఎక్కువ చూస్తాను. అత్త ఇంట్లో ఎప్పుడూ వీధి తలుపుకు ఎదురుగానే కూర్చునేది. కూరగాయలు తరిగినా, చిరిగిన దుప్పటి అంచు కుట్టినా అక్కడే. ఒకసారి రేకుల మీద వాన మొదలైంది. చినుకులు కాదు, గులకరాళ్లు పోసినట్టు పడుతోంది. అత్త తల ఎత్తకుండా బీరకాయ తొక్కు తీస్తోంది. తీగ మీద బట్టలు తడిసిపోతున్నాయి. నేను పరుగెత్తి తెచ్చాక నా తడిసిన జుట్టు చూసి, వాన వస్తోందా అంది. ఎవరైనా మాట్లాడితే వాళ్ల నోటి వంక చూసేది. పక్క నుంచి పలకరిస్తే, ఏదో ఆలోచనలో ఉన్నాను, మళ్లీ చెప్పు అనేది. ఆమెకు అన్ని ఆలోచనలు ఎక్కడివని నాకు అనుమానం వచ్చింది.

తర్వాత ఒకరోజు గొంతులో ఒక టిప్పరు నా వెనక చక్రానికి మరీ దగ్గరగా వచ్చింది. నేను ఒక బెల్లు కొట్టాను. అత్త నెమ్మదించలేదు. మళ్లీ కొట్టాను. ఇంకా ముందుకు పోయింది. మా ఇద్దరి మధ్య ఖాళీ పెరిగింది. ఆ ఖాళీలోకి టిప్పరు రావాలని చూస్తోందని నాకు ఒళ్లంతా తెలుస్తోంది. గొంతు చివరిదాకా నేను బెల్లు మీద వేలు తీయలేదు. ఆమె ఆగలేదు. అవతల దిగాక నా ముఖం చూసి ఏమైంది అంది. ఏమీ లేదన్నాను.

మర్నాడు బయల్దేరే ముందు అత్త అద్దం తీగ బిగిస్తూ, నా వైపు చూడకుండా అంది. "మూట ఎత్తుగా కడుతున్నారు ఈ మధ్య. బెల్లు సరిగ్గా వినపడటం లేదు. బెల్లుతో పాటు చెయ్యి కూడా ఎత్తు. అద్దంలో చూసుకుంటాను."

సరే అన్నాను. మా ఇద్దరి మధ్యా ఆ మాట అక్కడితో అయిపోయింది. ఆ రోజు నుంచి ఒక బెల్లుకు ఒక వేలు, రెండు బెల్లులకు రెండు వేళ్లు. ఆపకుండా కొట్టాల్సి వస్తే అరచెయ్యి మొత్తం. ఆమె గొంతులో దూరాన్ని చూస్తున్నట్టు కనిపించేది గానీ చూపంతా ఆ అద్దంలోనే ఉండేది. ఆమెను ధైర్యవంతురాలు అన్నవాళ్లందరూ పొరపాటు పడ్డారు. నిజం చెప్పింది చెవుడా అని తిట్టిన డ్రైవరొక్కడే.

ఎందుకు దాచిందంటే, చెబితే ఆ రోజే సైకిలు మీద నుంచి దింపేసేవాళ్లు. దింపితే ఉండేది రోలరు హాలు. పిండే యంత్రాలు, ఆరబెట్టే యంత్రాలు, మధ్యలో వేడి రోలరు. పెళ్లికి ముందు చాలా ఏళ్లు అందులోనే పని చేసింది. చెవులు పోయింది అక్కడే అని నా అనుమానం. ఎంత బతిమాలినా మళ్లీ ఆ హాల్లోకి పోనని, చచ్చేదాకా రోడ్డు మీదే ఉంటానని అనేది. ఆమెకు మిగిలింది ఆ సైకిలు ఒక్కటే.

నిచ్చెన సంగతి ఈలోగా మరోలా నడుస్తోంది. ఆయన మా అత్తను చూసింది గొంతు లోపలే. అవతల నుంచి మాసిన మూటలతో వస్తూ, దిమ్మెల అడ్డు మీదుగా చూసేవాడు. హారన్లు మోగుతున్నా తల తిప్పని మనిషి కనిపించేది ఆయనకు. బంకు దగ్గర ఆమె రెండుసార్లు, మూడుసార్లు తల తిప్పి చూడటం, వెనకవాడి కళ్లు కలిసేదాకా చెయ్యి చాపకపోవడం, ఒక్కోసారి బంకులోకి దిగిపోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. వెనక్కి చూస్తే భయపడ్డట్టే, భయపడ్డవాణ్ని చూస్తే డ్రైవరు మీదికొస్తాడు, అత్తను చూడండి అని కొత్తవాళ్లకు పాఠం చెప్పేవాడు. చెప్పడమే కాదు, తానూ అలాగే వెళ్లేవాడు. వినేవాళ్లు పెరిగారు. ఇప్పుడు తలుచుకుంటే అది మా లాండ్రీలో తప్ప ఎక్కడా జరగని పొరపాటు అనిపిస్తుంది. ఒక చెవిటి మనిషిని చూసి చెవులున్నవాళ్లు వినడం మానేశారు.

ఒకరోజు నిచ్చెన అంచున వెళ్తూ వెళ్తూ, గోడలు దగ్గరపడ్డాక, తల తిప్పకుండా ఒక్కసారిగా బస్సు ముందుకు మధ్యలోకి వచ్చాడు. వెనక మనిషి బెల్లు కొట్టాడు. నిచ్చెన విన్నాడు కూడా. విని, జరగకూడదు కాబట్టి జరగలేదు. బస్సుకు ఆగే దూరం లేదు. ప్రాణం దక్కింది. నడుం కింద నుంచి ఇక ఏమీ ఆయన చెప్పినట్టు వినదని డాక్టరు చెప్పాడు.

మర్నాడు యజమాని అందరినీ రోలరు హాల్లోకి పిలిచాడు. ఒక్క పిండే యంత్రం మాత్రం మధ్యలో ఆపకూడదు కాబట్టి తిరుగుతోంది. ఆయన చెడ్డవాడు కాదు. రాత్రంతా ఆసుపత్రిలో కూర్చున్నట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. రేపటి నుంచి ఎవరూ మధ్యలో తొక్కడానికి వీల్లేదు, అందరూ అంచునే వెళ్లాలి, హారను కొట్టినవాడికి దారి ఇవ్వాలి అన్నాడు. ఈ నడిరోడ్డు పిచ్చి ఎవరిని చూసి ముదిరిందో అందరికీ తెలుసు, ఆమెకున్న గుండె అందరికీ ఉండదు అన్నాడు. అందరూ అత్త వైపు తిరిగారు. అత్త ఆయన నోటి వంక చూస్తోంది. అర్థమవుతోందని ముఖంలో తెలుస్తోంది.

అప్పుడు నిచ్చెన భార్య లేచింది. ఆమె రోలరు దగ్గర దుప్పటి అంచు పట్టుకునే మనిషి. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ ఏదో అంది. యంత్రం రొదలో కూడా నాకు వినపడింది. అత్తకు పెదాలు కనిపించలేదు. ఆమె అటు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. అంతమందిలో అలా ఎప్పుడూ చూడలేదు. నేను వెళ్లి ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదుపుతూ చెప్పాను.

"నీ గుండె ఇవ్వకుండా నీ పిచ్చి మాత్రం మా ఆయనకు ఇచ్చావు, అంటోందత్తా."

అంతమంది ముందు నేను నోరు తెరవడం అదే మొదటిసారి.  అత్త నిచ్చెన భార్య దగ్గరికి వెళ్లి, ఆమె ముఖం మీద కొంగు తన చేత్తో తీసింది.

"నాకు గుండె లేదమ్మా. నాకు వినపడదు."

 యజమానికి అర్థం కాలేదు. ఏం వినపడదు అన్నాడు. అత్తకు అదీ వినపడలేదు, ఆయన వెనకాల ఉన్నాడు. ఆయన ఇంకా దగ్గరికి వచ్చి, వీపు వెనక నిలబడి ఏమమ్మా అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు. తర్వాత చప్పట్లు కొట్టాడు. అత్త నిచ్చెన భార్య వైపే చూస్తూ నిలబడింది. మడతల గది ఆడవాళ్లు తలలు దించుకున్నారు. మామయ్య అద్దాన్ని చూసి ఏడ్చినవాళ్లే అందరూ.

నేను భుజం తట్టి చూపించాక అత్త తిరిగింది. ఆయన చేతులు ఇంకా చప్పట్ల దగ్గరే ఆగి ఉన్నాయి. ఏం జరిగిందో ఆమెకు తెలిసింది.

"నన్ను దింపేయండి సార్. అంచున పొమ్మని మాత్రం వీళ్లకు చెప్పకండి. అంచున పోయినవాణ్ని నేను చూశాను."

ఆ తర్వాత చాలాసేపు ఆమె మాట్లాడింది. ఒక్కరోజులో ఆమె అన్ని మాటలు మాట్లాడటం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. మధ్యలో పోవడం పంతం కాదని, బంకు దగ్గర చూడకుండా లోపల మొండికేస్తే అది చావేనని, వినపడని మనిషిని కాబట్టి తాను అందరికంటే ఎక్కువ చూడాల్సి వచ్చిందని చెప్పింది. నిచ్చెనకు అది చెప్పలేదు, చెబితే నా సంగతి బయటపడుతుందని ఊరుకున్నాను అంది. నిచ్చెన భార్య మళ్లీ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. 

యజమాని అంచు మాట వెనక్కి తీసుకున్నాడు. చూసి, చెయ్యి చాపి, బంకు దగ్గరే మధ్యలోకి రావాలని, చూడకుండా జరిగినవాణ్ని పనిలోంచి తీసేస్తానని అన్నాడు. మర్నాటి పొద్దున అత్త మూటలవాళ్లందరినీ బంకు దగ్గర వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి చేత తల తిప్పించింది. సరిగ్గా తిప్పనివాడి గడ్డం పట్టుకుని తిప్పింది. కళ్లు చూడాలి, బంపరు కాదు అంది. పెట్రోలు పోసే అబ్బాయిలు ఆ రోజు నవ్వలేదు. అదే ఆమె రోడ్డు మీద చివరి రోజు. సాయంత్రం అద్దం తీగ విప్పి నా హ్యాండిలుకు కట్టింది.

ఆ మరుసటి వారం ఇంట్లో ఇద్దరం మా దుప్పట్లు మడతపెడుతున్నాం. ఆ కొస అత్త, ఈ కొస నేను. దుప్పటి మధ్యకు మడిచి నా చేతికి అంచు అందిస్తూ అంది.

"ఆయన ఉన్నప్పుడే నాకు కొన్నిసార్లు వినపడేది, కొన్నిసార్లు వినపడేది కాదు. ఆయనతో చెప్పలేదు. బెంగ పెట్టుకుంటారని." అంచు నా చేతిలో పెట్టాక కూడా వదల్లేదు. "ఆ రోజు ఎన్ని బెల్లులు కొట్టారో. నాకు రెండే వినపడ్డాయి."

 దుప్పటి మడత పూర్తి చేసి, పక్కన పెట్టి, ఇంకోటి తీశాం.

ఇప్పుడు అత్త రోలరు దగ్గర నిలబడుతుంది. నిచ్చెన భార్య ఆ పక్క, అత్త ఈ పక్క. తడి దుప్పటి అంచు లాగి రోలరుకు అందిస్తారు. ఇద్దరూ మాట్లాడుకోరు. ఆ రొదలో చెవులున్నవాళ్లు కూడా మాట్లాడుకోలేరు. అత్త వీపు తలుపు వైపు ఉంటుంది. ఇంట్లో ఎన్నడూ తలుపుకు వీపు పెట్టని మనిషికి అక్కడ వేరే చోటు లేదు.

నేను ఇప్పుడు ముందు మనిషిని. వెనక కొత్తమ్మాయి ఒకతె వస్తోంది. బెల్లు బాగా కొడుతుంది. నేను వింటాను. విన్నా, అద్దంలో చూస్తాను. తిరిగి వచ్చాక మాసిన మూటలు దించేముందే రోలరు హాల్లోకి వెళ్లి అత్త భుజం మీద రెండుసార్లు తడతాను. ఆమె తిరగదు. తల కొంచెం ఊపి, తర్వాతి దుప్పటి అందుకుంటుంది. ఇది మేమిద్దరం అనుకుని మొదలుపెట్టింది కాదు.

ఒకరోజు గొంతులో ఒక లారీ దిమ్మెలకు గుద్దుకుని ఆగిపోయింది. ముందుకూ వెనక్కూ దారి లేదు. సైకిళ్లు గోడకు ఆనించి, మూటల మీద కూర్చుని ఎదురుచూశాం. లాండ్రీకి వచ్చేసరికి అన్నం వేళ దాటిపోయింది. రోలరు ఆపేసి ఉంది. హాల్లో ఎవరూ లేరు. అత్త ఒక్కతే దుప్పట్ల గుట్ట మీద తలుపు వైపు ముఖం పెట్టుకుని కూర్చుంది. అన్నం డబ్బా మూత తీయలేదు.

నన్ను చూసింది. తలుపు దగ్గర నుంచి దగ్గరికి వచ్చేదాకా చూస్తూనే ఉంది. అయినా నేను దగ్గరికి రాగానే లేచి, వీపు నా వైపు తిప్పింది. తట్టాను.

ఆమె కదల్లేదు. కాసేపటికి తిరిగి, నా నోటి వంక చూస్తూ అడిగింది.

"ఎన్నిసార్లు తట్టావు?"

రెండు వేళ్లు ఎత్తి చూపించాను. ఆమె ఆ వేళ్లను పట్టుకుని లెక్కపెట్టుకుంది.